సోమవారం చక్రం ముంతాజ్

ఒమన్ దేశం సీబ్‌లో సముద్రం ఒడ్డున ఫనార్ పార్క్ అని ఒకటుండేది. ఉండేది అంటే, గోడ ఇప్పటికీ ఉంది. గోడ మీద రంగు వెలిసిన ఏనుగు బొమ్మా ఉంది. ఈ కథ జరిగేనాటికి లోపల జెయింట్‌వీల్ కూడా నిలబడే ఉంది, తిరగడం మానేసిందంతే. దాన్ని ఎవరైనా పాత ఇనుము అన్నారో, ముంతాజ్‌కు ఒళ్లు మండిపోయేది. "ఇనుమంట ఇనుము! కండ్లు కనపడవా నాయనా నీకు? అది చక్రం!" అని లేచేది.

ముంతాజ్‌ది కడప జిల్లా జమ్మలమడుగు. నల్లటి జుట్టుతో వచ్చింది ఈ ఊరికి, ఇక్కడే నెరిసింది. పార్క్ మూతపడ్డాక కూడా గేటు పక్క గదిలో ఉంటూ, పాత టెంట్లూ జెండాలూ మడతలు పెట్టి మూటలు కడుతోంది. ఆ వారం మాత్రం ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు. శుక్రవారం పొద్దున చక్రాన్ని విప్పడానికి మనుషులొస్తున్నారు. అదే శుక్రవారం ఆమె కూతురు ఇరమ్, చంటిపిల్ల అరీబాను అత్తగారి దగ్గర వదిలిపెట్టి, నెల రోజుల వీసా మీద మొదటిసారి ఒమన్‌కొచ్చిన ఇరమ్, తల్లి ఉండే చోటు చూడడానికి వస్తోంది. చక్రం తిరుగుతుండాలి, తిప్పేది తానై ఉండాలి, అది కూతురు కళ్లారా చూడాలి. ఒక్కటంటే ఒక్క చుట్టు. ఐదు పూటల నమాజులోనూ ముంతాజ్ అడిగిన దువా అదొక్కటే.

ఇంత చిన్న కోరికకు అంత ఆరాటమా అనిపిస్తుంది. అందుకే వెనక్కి పోవాలి, ఆమె వచ్చిన నాటికి.

కుట్టుపని మీద వచ్చింది ముంతాజ్. మొగుడు ఖాదర్‌వలి పచ్చకామెర్లతో పోయాడు. ఊళ్లో జాకెట్లు కుడితే పొయ్యి వెలగడమే గగనమైంది. మాటలు కూడా సరిగ్గా రాని ఇరమ్‌ను తల్లి చేతిలో పెట్టి విమానం ఎక్కింది. పార్క్‌లో టైలర్‌కేం పని అనుకుంటాం గానీ, ఎన్ని గుడ్డలుంటాయో అక్కడ! టెంట్లు, జెండాలు, ఆటబండ్ల సీట్లు, బఫూన్ లాగు, డ్యూటీ వాళ్ల యూనిఫారాలు. కుట్టినదాన్ని కుట్టినట్టే ఉప్పుగాలి తినేసేది. చీకిపోయిన చోట మళ్లీ కుట్టాలి. ముంతాజ్ మిషన్‌కు తీరికుండేది కాదు.

ఫనార్ పార్క్ అప్పుడు పెళ్లివారిల్లు. శుక్రవారం సాయంత్రమైతే ఫ్యాక్టరీలుండే ఘాలా నుంచి కంపెనీ బస్సులు వచ్చి కార్మికులను దింపేవి. వాళ్లు ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని, దేన్నీ ఎక్కకుండా అన్నిటినీ చూసేవారు. ఒమనీ కుటుంబాలు చాపలూ ఖర్జూరాలూ ఖహ్వా కాఫీ ఫ్లాస్కులూ తెచ్చుకుని గడ్డి మీద కూర్చునేవి. చీకటి పడగానే చక్రం బల్బులు వెలిగేవి. వాటి వెలుగు సముద్రంలో పడి అక్కడా ఒక చక్రం తిరుగుతున్నట్టే ఉండేది. చేపలవాళ్లు పడవలో తిరిగొస్తూ దాన్ని చూసే ఒడ్డు గుర్తుపట్టేవారట.

సోమవారం మాత్రం ఆడవాళ్లది. ఆ రోజు లోపల మగపురుగు కనపడకూడదు. టికెట్లు చింపేదీ, ఐస్‌క్రీమ్ అమ్మేదీ, బండ్లు నడిపేదీ అందరూ ఆడవాళ్లే. ఫొటోల భయంతో ఫోన్లన్నీ గేటు దగ్గరే సంచుల్లో వేసి అట్టిపెట్టేవారు. ఆ గేటు దాటాక చూడాలి! నల్లటి అబాయాలు తీసి చేతుల మీద వేసుకుని, నడివయసు ఆడవాళ్లు చెప్పులు విప్పి పరుగులు తీసేవారు. కోడళ్లూ అత్తలూ ఒకే ఉయ్యాలకు పోట్లాడుకునేవారు. అన్నీ ఆడేవి, చక్రమొక్కటే ఆగిపోయి ఉండేది. దాన్ని తిప్పే కమ్రాన్ మగాడాయె. ఆడవాళ్ల రోజున చక్రం లేకపోతే అదేం సంబరమని పార్క్ యజమాని భార్య ఒకనాడు గట్టిగానే అడిగింది. యజమానిని అందరూ అర్బాబ్ అనేవారు. అర్బాబ్ గారికి ఎవరి మాట దాటినా చెల్లుతుంది గానీ, ఆ మాట దాటితే చెల్లదు.

మేనేజర్ జహీరుద్దీన్ హైదరాబాద్ మనిషి, ముంతాజ్‌ను ఆపా, అంటే అక్కా, అని పిలిచేవాడు. ఆడ స్టాఫ్‌నంతా నిలబెట్టి, "చక్రం ఎవరు తిప్పుతారమ్మా?" అన్నాడు. ఒకరు ఆకాశం చూశారు, ఒకరు గోళ్లు చూసుకున్నారు.

"బ్రేకు కాలితోనే కదన్నా?" అంది వెనక నుంచి ముంతాజ్.

"కాలితోనే ఆపా."

"అయితే కుట్టుమిషనే. రవ్వంత లావుగా ఉంది, అంతే కదా!"

జహీరుద్దీన్ పడీపడీ నవ్వాడు. కమ్రాన్ వారం రోజులు నేర్పించాడు. మీట నొక్కితే మోటారు తిరుగుతుంది, పెడల్ తొక్కితే చక్రం ఆగుతుంది. జనం కూర్చునే పెట్టె ఒకటి నింపితే దాని ఎదురు పెట్టె నింపాలి. అదీ చదువు. తీరా సోమవారం వచ్చేసరికి ఒక్కరూ ఎక్కలేదు. ఒక పెద్దావిడ నడుం మీద చెయ్యి వేసుకుని, ముందు నువ్వెక్కి చూపించు అంది. టికెట్ల అమ్మాయికి మీట అప్పగించి ముంతాజే ఎక్కింది. అదే ఆచారమైపోయింది. ఆ తర్వాత ఏ సోమవారమైనా మొదటి చుట్టు ముంతాజ్‌ది. ఆమె దిగి నవ్వుతూ చీర కొంగు సర్దుకున్నాకే మిగతావాళ్లు.

ఆ మొదటి చుట్టు గురించి ముంతాజ్ ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయేది. పైకి పోయేకొద్దీ చప్పుళ్లు కిందనే ఉండిపోయేవి. గాలి, ఉప్పు వాసన, ఎండలో తెల్లబడిన నీళ్లు. వెనక పక్క కొండలు పొగరంగులో, ఉన్నాయో లేవో తెలియకుండా. నడినెత్తిన చక్రం ఒక క్షణం ఆగేది. ఆ క్షణంలో ఆమె విధవా కాదు, పనిమనిషీ కాదు, ఎవరి వదినా ఎవరి కోడలూ కాదు. పొద్దు పొడిచే దిక్కుకు తిరిగి, ఇరమ్ ఆ వైపున ఉందని తలచుకునేది. ఏడుపొచ్చేది. అంతలోనే గాలి ముఖానికి కొట్టి నవ్వొచ్చేది. ఏడుపూ నవ్వూ ఒకేసారి ఎట్లా వస్తాయో ఆమెకే అర్థమయ్యేది కాదు.

పరదాల సంగతి కూడా చెప్పుకోవాలి. రోడ్డుకు అవతల ఒక బిల్డింగ్ లేస్తోంది. దాని పై అంతస్తుల్లో పనిచేసేవాళ్లకు చక్రం మీది ఆడవాళ్లు కనిపిస్తున్నారని ఎవరో అన్నారు. మరుసటి సోమవారం చక్రం దగ్గర ఈగలు తోలుకోవడమే! ముంతాజ్ ఊరుకుంటుందా? మిగిలిన టెంట్ గుడ్డలు, ఎరుపూ పసుపూ నీలం, కత్తిరించి పెట్టెలన్నిటికీ నాలుగు పక్కలా పరదాలు కుట్టింది. దిట్టమైన కుట్టు, అంచులు మడిచి డబుల్ కుట్టు. కళ్లు పడకుండా చూసుకుంది గానీ, గాలి సంగతే మరిచింది. జాకెట్లు కుట్టిన చేతికి గాలితో ఏం పని?

మధ్యాహ్నం దాటి సముద్రపు గాలి లేచింది. మోటారు ఆపి జనాన్ని ఎక్కిస్తుండగా, పరదాలన్నీ ఉబ్బి, చక్రం తనంతట తాను బయలుదేరింది. లోపల ఆడవాళ్లు ఒకటే కేకలు. ముంతాజ్ రెండు కాళ్లతో బ్రేకు మీద ఎక్కి నిలబడి, "ఆగు తల్లీ, ఆగే నా తల్లీ!" అని చక్రాన్ని బతిమాలుతోంది. గోడ అవతల జహీరుద్దీన్‌కు రంగురంగుల చక్రం తిరగడం కనిపిస్తోంది, మోటారు చప్పుడు మాత్రం వినిపించడం లేదు. లోపలికి రావడానికి లేదు. "ఆపా! క్యా హోరా ఆపా?" అని గోడ బయటే అటూ ఇటూ పరుగెత్తాడు పాపం.

చక్రం ఆగింది. ముంతాజ్‌కు చెమటలు. ఉద్యోగం ఊడిందనుకుంది. కిందకు దిగిన ఆడవాళ్లు తిట్టడానికి కాదు, మళ్లీ వరసలో నిలబడడానికి పరుగెత్తారు. గాలి చుట్టు కావాలట! కేకలు కాస్తా నవ్వులైపోయాయి. మరుసటి వారం ముంతాజ్ పరదాలకు గాలి పోయేలా జానెడేసి కాజాలు కత్తిరించింది. గాలికి దారి దొరికింది, చూపులకు దొరకలేదు. ఆ కబురు ఎంత దూరం పాకిందంటే, ఎక్కడో లోపలున్న ఇబ్రి ఊరి నుంచి ఆడవాళ్లు బస్సులు మాట్లాడుకుని వచ్చేవారు. కొత్త పెళ్లికూతుళ్లు గోరింటాకు చేతులతో వచ్చి ఎక్కేవారు. ఇబ్రి దాకా ఆమెకు పేరు ఒకటే, సోమవారం ముంతాజ్.

చెప్పొద్దూ, ముంతాజ్ సంతోషంగా ఉండేది.

ఆ సంతోషం ఫోన్‌లో జమ్మలమడుగు చేరేసరికి వేరే రంగు తిరిగేది. అన్న భార్య తహ్సీన్ నోటికి తాళం లేదు. "మీ అమ్మ ఒమన్‌లో చక్రం తిప్పుతాదంటమ్మే! యాడనో గిన్నెలు తోముతా ఉంటాది, చెప్పుకోలేక కతలు" అని ఇరమ్ ముందే అనేది. చూపించడానికి ఫొటో ఏదీ? సోమవారం ఫోన్లు గేటు దాటవు. మిగతా రోజుల్లో చక్రం కమ్రాన్‌ది. ఒకసారి చక్రం పక్కన నిలబడి ఫొటో దిగి పంపింది ముంతాజ్. "తాజ్‌మహల్ ముందు నిలబడినోళ్లంతా షాజహాన్‌లేనా?" అని తహ్సీన్ దాన్నీ ఎగరగొట్టింది. ఇరమ్ ఏమీ అనేది కాదు. అదే ముంతాజ్‌కు ముల్లు. సెలవు మీద ఇంటికి పోయినప్పుడు చక్రం ఊసెత్తితే చాలు, పిల్ల లేచి పక్కగదిలోకి పోయేది. పెద్దదయ్యాక మర్యాదగా విని, మాట మార్చేది. కన్నకూతురే తనను అబద్ధాలకోరు అనుకుంటోందని ముంతాజ్ లోపల్లోపల కుమిలిపోయింది.

ఇక పార్క్ పడిపోవడం ఎట్లాగంటే, ఒక్కరోజున పడలేదు. చల్లగా ఏసీ వేసిన మాల్స్ వచ్చాయి. వాటిలో పిల్లలకు ఆటలు, తల్లులకు కుర్చీలు. ఎండలో ఉప్పుగాలి తినడానికి ఎవరొస్తారు? శుక్రవారం బస్సులు ముందు తగ్గాయి. ఏనుగు రాట్నం ఆగిపోతే బాగుచేయించలేదు. తుఫాను వచ్చిన ఏడు సముద్రం లోపలికొచ్చి గడ్డిని చంపేసి పోయింది. అర్బాబ్ కాలం చేశాడు. కొడుకులకు ఆ జాగా మీద వేరే లెక్కలున్నాయి. సోమవారాలు చివరిదాకా పట్టుకుని వేలాడాయి. ఆఖరి రోజుల్లో ఇద్దరు ముగ్గురు ముసలమ్మలు వచ్చేవారు, ఎక్కేవారు కూడా కాదు, చక్రం కింద చాప వేసుకుని ముంతాజ్‌తో కలిసి ఖహ్వా తాగి పోయేవారు. ఆ మీదట గేటుకు గొలుసు పడింది.

ఇరమ్ వస్తోందని అల్లుడు అనీస్ ఫోన్ చేసింది అప్పుడే. అతను ఘాలాలో ఒక గ్యారేజీలో మెకానిక్. ముంతాజ్ పరుగున పోయి జహీరుద్దీన్ గడ్డం పట్టుకున్నంత పని చేసింది. "ఒక్క వారం ఆపన్నా. నా బిడ్డ చూస్తాది. ఒక్క చుట్టు."

"ఆపా, కరెంటే కట్ చేసినారు. మోటారు కూడా తీసేసినారు. నేనేం చేయాలె చెప్పు? నన్నే పంపించేస్తున్నారు" అన్నాడు ఆ మనిషి. అతని కళ్లలోనూ నీళ్లున్నాయి. ఇంకేం అడుగుతుంది?

శుక్రవారం పొద్దున లారీ, క్రేను వచ్చాయి. మేస్త్రీ పేరు ఇస్తారి, జగిత్యాల దిక్కు మనిషి. తలకు తువ్వాలు చుట్టుకుని చక్రం చుట్టూ ఒకసారి తిరిగి, బీడీ ముట్టించాడు. ముంతాజ్ గది ముందే కుర్చీ వేసుకుని, పెళ్లికూతురిని అప్పగించే తల్లిలా బిగుసుకుని కూర్చుంది.

"అక్కా, నువ్వు తెలుగేనా? గట్ల సూస్తున్నవేంది?"

"చూడక ఏం చేయాలన్నా? నా చక్రం."

"నీ చక్రమా?" ఇస్తారి నవ్వలేదు. "అయితే జర సాయం జెయ్యి. దీన్ని ఊకె కొయ్యరాదు. ఒక్కొక్క పెట్టెను కిందికి తేవాలె, విప్పాలె. ఇటొకటి విప్పితే అటొకటి విప్పాలె, లేకుంటే ఒరుగుతది. మావోళ్లు తాళ్లు గట్టి గుంజుతరు. బ్రేకు తొక్కెటోడిని పొద్దుగాలనే ఇబ్రి సైటుకు పంపిండ్రు. నువ్వు తొక్కుతవా?"

చక్రం తిరుగుతుందన్నమాట! తిరగకుండా దాన్ని విప్పడం వీల్లేదన్నమాట! ముంతాజ్ చెప్పులు విప్పి పక్కన పెట్టి, బిస్మిల్లా అని పెడల్ మీద పాదం ఆనించింది.

తాళ్లు బిగిశాయి. ఉప్పు పట్టిన ఇరుసు కిర్రుమంది. చక్రం కదిలింది, నిద్రలో పక్కకు ఒత్తిగిలినట్టు, చాలా మెల్లగా. ఒక పెట్టె కిందకొచ్చింది, ముంతాజ్ తొక్కింది, ఆగింది. వాళ్లు బోల్టులు విప్పారు, క్రేను పెట్టెను ఎత్తుకుపోయి ఇసుకలో పెట్టింది. "వదులక్కా!" అని ఇరుసు దగ్గరికెక్కి కూర్చున్న ఇస్తారి కేక. వదిలింది. మళ్లీ తిరిగింది. తిరిగినప్పుడల్లా చక్రం ఒక పెట్టె తగ్గిపోతోంది. పెట్టెలు లేని చోట ఆకాశం కనిపిస్తోంది. ముంతాజ్‌కు కళ్లు గేటు మీదే. బిడ్డ రావాలి, అయిపోకముందే రావాలి. ఒకసారి కావాలనే కాలు కాస్త ఎక్కువసేపు ఉంచింది కూడా.

అనీస్ బండి గేటు దగ్గర ఆగింది. ఇరమ్ దిగింది. జుమా నమాజుకు వేళవుతోందని అల్లుడు అక్కణ్నుంచే సలాం చెప్పి వెళ్లిపోయాడు. ఇరమ్ ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. సగం పెట్టెలతో, సముద్రం ముందు, అంత పెద్ద చక్రం చప్పుడు చేస్తూ తిరుగుతోంది. దాని కింద ఉత్త కాళ్లతో అమ్మ.

"చూడు ఇరమ్! చూడు! నేనే తిప్పుతాండా!" ముంతాజ్ గొంతు చిన్నపిల్ల గొంతైపోయింది. "నీ తహ్సీన్ అత్తకు చెప్పు ఇప్పుడు. వీడియో తీయి. ఇప్పుడు ఫోన్ ఎవరూ లాక్కోరు. తీయి బిడ్డా, అబద్ధం కాదని చూపించు!"

ఇరమ్ ఫోన్ తీయలేదు. దగ్గరికొచ్చి పెడల్ పక్కన నిలబడింది. ముంతాజ్ నవ్వు సగంలో ఆగింది.

"నువ్వు అబద్ధం చెప్పినావని నేనెప్పుడూ అనుకోలేదమ్మీ" అంది ఇరమ్.

"మరి ఎందుకట్ల లేచిపోతాంటివి? చక్రం అంటేనే..."

"అబద్ధమైతే బాగుండునని అనుకుంటాంటి." ఇరమ్ తల్లి ముఖంలోకి కాదు, కాలి వైపు చూస్తోంది. "గిన్నెలు తోముతా, నాకోసం ఏడుస్తా ఉన్నావనుకుంటే నాకు నిమ్మళంగా ఉండేది. అత్త చెప్పింది నమ్మాలని ఎంత చూసినానో నీకు తెల్దు. నమ్మలేకపోయినా. ఫోన్‌లో నీ గొంతు అట్ల ఉండేది. ఎవరెవరి బిడ్డలనో ఆకాశంలోకి పంపుతా, నేను లేకుండా నువ్వు సంతోషంగా ఉండావు. అదీ నా ఏడుపు."

"వదులక్కా!" పై నుంచి ఇస్తారి అరిచాడు. ముంతాజ్ వదిలింది. చక్రం ఒక పెట్టె దూరం తిరిగింది. తొక్కింది. ఏం చెప్పాలి? లేదు బిడ్డా, రోజూ ఏడ్చినా అనొచ్చు. అది ఏ తల్లికైనా నోటి చివర సిద్ధంగా ఉండే మాట. అంటే పిల్ల మనసు చల్లబడుతుంది కూడా.

"ఉండా" అంది ముంతాజ్. "సంతోషంగానే ఉండా ఇరమ్. నిన్ను తల్చుకోని పొద్దు లేదు. పైకి పోయినప్పుడల్లా నువ్వుండే దిక్కే చూసినా. అయినా సంతోషంగానే ఉండా. ఇంకో మాదిరి చెప్తే ఈసారి నిజంగానే అబద్ధమైతాది."

గాలికి ఇరమ్ దుపట్టా ఎగిరి ముఖం మీద పడితే తీసుకోలేదు. తీసుకునేసరికి కళ్లు తడిగా ఉన్నాయి.

"మొన్న దిగినాక ఘాలాలో ఆయన రూమ్‌లో పండుకున్నా. అరీబా పుట్టినాక మొదటిసారి కదలకుండా నిద్రపోయినా. కండ్లు తెరిస్తే కిటికీలో ఎండ. పక్కన పిల్ల లేదు. పిల్ల గుర్తొచ్చేలోపల, అమ్మీ, నాకు ఎంత హాయిగా అనిపించిందో! పాట పాడుకుంటా టీ పెట్టుకున్నా." ఆమె దుపట్టా అంచు వేలికి చుట్టుకుంది. "ఆ మీదట భయమేసింది. నేనేం తల్లినని. ఎవరికి చెప్పాలో తెలియలేదు. నీకొక్కదానికే చెప్పొచ్చనిపించింది. అందుకే వచ్చినా. చక్రం చూడ్డానికి రాలేదు."

"వదులక్కా!" ఇస్తారి.

ముంతాజ్ కాలు కదల్లేదు. కూతురి చెయ్యి రెండు చేతులా పట్టుకుంది.

"అక్కా! వదులు! పొద్దు వోతుంది!"

"ఆగన్నా!" ముంతాజ్ అరుపుకు తాళ్లు పట్టుకున్న మనుషులు ఉలిక్కిపడ్డారు. "ఆగు! నా బిడ్డతో మాట్లాడుతాండా!"

చక్రం ఆగే ఉంది. తాళ్లు పట్టుకున్నవాళ్లు ఇసుకలో కూలబడి నీళ్ల సీసాలు తీశారు. ఇస్తారి పైనే కూర్చుని ఇంకో బీడీ ముట్టించాడు. ముంతాజ్ బ్రేకు మీద కాలు అట్లాగే ఉంచి, "చెప్పు, ఏం పాట పాడుకున్నావు?" అని అడిగింది.